దేవమణి చెయ్యి

పందొమ్మిదివందల అరవై ఒకటి, రోహిణీకార్తె. జగ్గయ్యపేటకి దగ్గర్లో ఒక పల్లె. రాఘవమ్మ ఇంటి వెనక వసారాలో పొయ్యి మీద మట్టిచట్టిలో నీళ్ళు కాగుతున్నాయి. అత్తా, చిన్నకోడలు భారతీదేవీ చేటలో పాదుల గింజలు ఏరుతున్నారు.

“...చెయ్యి పెట్టి చూస్తావేంటే అమ్మాయ్, పసిపిల్లకి స్నానం పోస్తున్నామా ఏంటి? తెర్లాలి. బుడబుడమని తెర్లాలి.”

“గింజలు నానెయ్యడానికే కదా అత్తయ్యా? మా నందిగామలో అమ్మ మామూలు బావినీళ్ళలోనే నానేస్తుంది.”

“మీ అమ్మ నానేస్తది. మీ అమ్మ పెరట్లో కాసిన సొరకాయ నీ పెళ్ళిలో తిన్నాంగా, ఇప్పటికీ పీచు పళ్ళల్లోనే ఉంది. ముందా ఎండుబీరకాయ చెవి దగ్గర పెట్టి ఊపు. గలగలమంటోందా?”

“అంటోంది.”

“అయితే మొన విరిచి దులుపు. ఆఁ, అట్టా. తాలువి అటు నెట్టు. గట్టివి ఇటు. ఇదిగో, ఇది చూడు, నల్లగా నిగనిగలాడుతోంది. ఇట్టాంటిది ఒక్కటి చాలు, దడంతా అల్లుకుంటది.”

“ఈ ఏడు దడి పొడుగునా బీరేనా?”

“బీరే. పొట్లపందిరి బావి పక్కకి జరుపుదాం. కాయకాయకీ రాయి కట్టాలి, పోయినేడు నువ్వు బద్ధకించి కట్టలేదు, ఒక్కో కాయ పాము చుట్ట చుట్టుకున్నట్టు వంకర్లు పోయింది. సొరపాదు గొడ్లపాక మీదకి. కాకర ఆ మూలకి. వంగనారు తూము దగ్గర పొయ్యాలి, బెండా గోరుచిక్కుడూ మధ్యలో.”

“నాకో మడి ఇస్తామన్నారు అత్తయ్యా. టమాటా వేస్తా. ఓ వరస బంతి కూడా.”

“ఇస్తా ఇస్తా. మృగశిర రానీ. టమాటాలంట! ఇంట్లో చింతపండు లేదనుకుంటారు నలుగురూ.”

“ఇవేంటి, మూకుట్లో విడిగా పెట్టారు?”

“వాటికే నీళ్ళు.”

“వీటికి మాత్రమేనా? మరి చేటలోవి?”

“అవి మనవి.”

“ఇవో?”

“దేవమణివి. నిన్న చేలో అడిగింది, గింజలు కావాలమ్మగారూ అని. ఇస్తానన్నా.”

“తెర్లే నీళ్ళు పోస్తే గింజ ఉడికిపోదూ?”

“ఉడకాలనే.”

“ఉడకాలనా?”

“నోరు మూసుకో, ఈగలు దూరతయ్. నీళ్ళు పోసి, చల్లారాక వార్చి, కాసేపు నీడన ఆరేసి, బూడిదలో పొర్లించామనుకో, అచ్చం మన గింజలాగే ఉంటది. తేడా భూమికి తెలియాలి తప్ప మనిషికి తెలవదు.”

“ఇవ్వటం ఇష్టం లేకపోతే లేవని చెప్పొచ్చుగా?”

“అమ్మమ్మా, విత్తనం అడిగితే లేదనకూడదు. లేదన్న ఇంట్లో విత్తు నిలవదు. మా అత్త నాకు చెప్పింది, ఆవిడకి వాళ్ళత్త చెప్పింది. ఇవ్వాలి. ఇస్తున్నాగా? మొలిచేవే ఇవ్వాలని వాళ్ళెవరూ చెప్పలా.”

“దేవమణి మీద అంత కోపమేంటి మీకు? ఎప్పుడూ మన పనిలోనే ఉంటుందిగా పాపం.”

“కోపమా? నాకెందుకే కోపం? పనిమంతురాలు. కలుపు తీస్తుంటే చూశావా ఎప్పుడన్నా? చెయ్యి కనపడదు. అది కదిలితే దాని వెనక పాలెంలో ఆడోళ్ళందరూ కదులుతారు. అందుకే.”

“అందుకని దాని గింజలు ఉడకేస్తారా?”

“నువ్వు కాపరానికి రాకముందు సంగతి. దాని మొగుడు బాలస్వామి గుడిసె వెనక దిబ్బ చదును చేసి దడి కట్టాడు. ఇది వచ్చి గింజలడిగింది. మంచివే ఇచ్చా, బంగారంలాంటివి. కాసింది చూడు బీర! గుడిసె కనపళ్ళా. ఇక తట్ట నెత్తికెత్తుకుని పేట సంతకి తయారు. శ్రావణంలో మిరపతోటలో కలుపుకి కబురు పెడితే ఏమందో తెలుసా? ‘ఇయ్యాల సంతమ్మగారూ, రేపొస్తా’ అంది. రేపంట! నాకు రేపంట! అది రేపంటే మిగతా ఆడోళ్ళూ రేపే. గడ్డి మోకాలెత్తు లేచింది.”

“ఒక్క రోజు ఆలస్యానికి...”

“ఆలస్యం కాదే పిచ్చిదానా, రుచి. సంత రుచి మరిగినోళ్ళు ఇంకోళ్ళ చేలో వంగరు. ఇప్పుడసలే ఉన్న కూలోళ్ళంతా లారీలెక్కి సాగరు డాం పనికి పోతున్నారు. మనకి మిగిలింది ఇదొక్కతే.”

“అప్పట్నుంచీ ఇట్లాంటి గింజలే ఇస్తున్నారా?”

“ఇస్తున్నా. నాటుతోంది. మొలవట్లా. ఏం చేస్తాం, దాని చెయ్యి మంచిది కాదు.”

“అత్తయ్యా!”

“ఏం? ఆ మాట నేను అన్లేదు. దాని అత్త ఆరోగ్యమ్మే అంది, కళ్ళం దగ్గర, అందరిలో. ‘నా కోడలి చేతిలో ఏదీ బతకటల్లేదమ్మగారూ’ అని. నేను ‘ఆఁ’ అన్నా. ‘ఆఁ’ అనటం కూడా తప్పేనా?”

“ఇద్దరు పిల్లలు కూడా పోయారుగా దేవమణికి.”

“జొరమొచ్చి పోయారు. దానికీ నా గింజలకీ ఏం సంబంధం? నీళ్ళెట్టా ఉన్నయ్ చూడు.”

“అమ్మగారూ! పెద్దమ్మగారూ!”

“ఎవరూ, దేవమణా? నూరేళ్ళే నీకు. రా. అక్కడే, అక్కడే, తూము అవతల నుంచో. గింజల మీద నీ నీడ పడుద్ది.”

“ఇక్కడే ఉన్నానమ్మగారూ. గింజలిస్తానన్నారని వచ్చా.”

“అన్నాక ఇవ్వనా? చిన్నమ్మ నీ కోసం విడిగా సిద్ధం చేస్తోంది, చూడు.”

“మీ కడుపు సల్లగుండ.”

“చంకలో ఎవరే, పిల్లా? కళగా ఉందే! నీ పోలిక కాదులే.”

“మా ఆయన పోలికంటారమ్మగారూ.”

“పాలు తాగుతోందా?”

“శుభ్రంగా తాగుద్ది. నవ్వుద్ది కూడా. పలకరిస్తే చాలు నవ్వుద్ది.”

“జాగర్త. వాళ్ళిద్దరూ ఇట్టాగే నవ్వారు.”

“...అవునమ్మగారూ.”

“వస్తున్నానండీ! వస్తున్నా! మీ మామయ్యగారు మజ్జిగకి కేకలేస్తున్నారు. అమ్మాయ్, నీళ్ళు చూస్తుండు. ఎట్టా చెయ్యాలో చెప్పానుగా? దేవమణీ, చిన్నమ్మని మాటల్లో పెట్టి పని చెడగొట్టబాకు.”

“నేనేం మాట్లాడనమ్మగారూ.”

“చిన్నమ్మగారూ, పెద్దమ్మగారు లోపలికి పోయారుగా.”

“ఊఁ.”

“మీరే ఏరారా గింజలు?”

“ఆఁ... నేనే.”

“మంచివే గదమ్మా?”

“ఎందుకట్లా అడుగుతున్నావ్?”

“కోప్పడబాకండి. మీ ఇంటి గింజకి వంక పెట్టేదాన్నా నేను? నా భయం కొద్దీ అడిగా. ఈ పాలి మొలవకపోతే పిల్ల పోద్దమ్మా.”

“పిల్ల పోవటమేంటి? ఒంట్లో బాగాలేదా?”

“ఒంట్లో బాగానే ఉంది. మా ఆడబిడ్డ లూర్దమ్మని జి.కొండూరు ఇచ్చాం గదా. ఆమెకి పిల్లల్లేరు. ‘నీ చేతిలో ఏదీ బతకదు వొదినా, ఇద్దర్ని పోగొట్టుకున్నావ్, దీన్నన్నా నాకియ్యి, బతికిచ్చుకుంటా’ అంటది. మా అత్తదీ అదే మాట.”

“బాలస్వామి ఏమంటాడు?”

“ఆయన చుట్ట కాల్చుకుంటాడు.”

“నువ్వేమన్నావ్ మరి?”

“ఇయ్యనన్నా. తిన్లా, తాగలా. ఆఖరికి మా అత్తే ఓ మాటకొచ్చింది. ‘ఒక్క పాలి చూద్దాం. రాఘవమ్మగారింటి గింజ అడిగి తెచ్చుకో. నీ చేత్తో నువ్వే నాటు. ఒక్కటి తలెత్తినా పిల్ల నీదే. తలెత్తకపోయిందా, లూర్దమ్మ వచ్చి తీసకపోద్ది’ అంది. నేను సరేనన్నా.”

“గింజకీ పిల్లకీ ఏంటి దేవమణీ సంబంధం? చేతిలో ఏముంటుంది?”

“ప్రార్థన చేయించే మా సొలొమోను అయ్యగారు గూడా అదే చెప్పారు. చెయ్యీ గియ్యీ ఏం లేదు, అంతా ప్రభువు చిత్తమని. మరి గుడి పెరట్లో బెండగింజలు నాటబోతే ‘నువ్వొద్దులేమ్మా, నువ్వు నీళ్ళు మొయ్యి’ అన్నారు.”

“ఇంకెవర్నైనా అడక్కపోయావా గింజలు? పేటలో కొట్లల్లో కూడా దొరుకుతాయిగా.”

“అవి లెక్కలోకి రావంట. కొట్లో గింజ మొలవకపోతే గింజ తప్పనుకోవచ్చు. మీ గింజ సుట్టుపక్కల ఏ ఊళ్ళో ఎవరికిచ్చినా మొలుస్తదిగా. నా చేతిలోనే మొలవలేదంటే ఇంక తప్పు దేనిది? అదీ వాళ్ళ మాట. నిజమేగదమ్మా?”

“పిల్ల పేరేంటి?”

“పెట్టలా.”

“ఇన్నాళ్ళొచ్చినా?”

“‘లూర్దమ్మ పెట్టుకుంటదిలే’ అంది మా అత్త. నేను మనసులో ఒకటి అనుకున్నా. పైకి పిలవలా. పిలిస్తే పలుకుద్ది. పలికాక ఎట్టా ఇస్తాం?”

“ఏడవకు. ఇటు చూడు దేవమణీ, ఏడవకు. నీ గింజలు మొలుస్తాయి.”

“మొలుస్తయ్యంటారా?”

“ఇచ్చేది నేను కదా. ఎందుకు మొలవవు? మొలుస్తాయి.”

“చదువుకున్నోళ్ళు మీరు. మీ నోటి వెంట వచ్చింది, అంతే చాలు నాకు. ఏమే పిల్లా, విన్నావా? చిన్నమ్మగారి మాట విన్నావా? చూడండి, నవ్వుతోంది మిమ్మల్ని చూసి.”

“ఏంటే ఆ గుసగుసలు? నీకు చెప్పి పోయానా లేదా దేవమణీ?”

“ఏం లేదమ్మగారూ. పిల్లని చూపిస్తున్నా.”

“అదేమన్నా వేదాద్రి తిరనాళ్ళా చూపించటానికి? ఊరికే నుంచునే బదులు గొడ్లపాకలో పేడ తియ్యరాదూ, గింజలు అయ్యేలోపు.”

“పిల్ల...”

“చంకనుంటదిలే. పేడకి రెండు చేతులు కావాలా?”

“సరేనమ్మగారూ.”

“పోయిందా? ఆఁ. పోశావా నీళ్ళు?”

“లేదు.”

“సగం ఇగిరిపోయినయ్ చూడు. ఇంకేం చూస్తున్నావ్, ముహూర్తమా?”

“నేను పొయ్యను అత్తయ్యా. అవి అట్లాగే ఇచ్చేద్దాం.”

“ఏం చెప్పింది అది నీకు?”

“ఈ గింజలు మొలవకపోతే పిల్లని ఇచ్చెయ్యాలట.”

“లూర్దమ్మకి. తెలుసు.”

“తెలుసా మీకు!”

“ఆరోగ్యమ్మ నన్నడక్కుండా చేస్తదా? ‘ఒక్క పాలి చూద్దామా అమ్మగారూ’ అని వచ్చింది. చూడవే అన్నా.”

“తెలిసే నీళ్ళు పెట్టమన్నారా?”

“తెలిసే పెట్టమన్నా. ఆ పిల్లకేంటి నష్టం? లూర్దమ్మ మొగుడికి నెలనెలా జీతమొస్తది, పూటపూటకీ పాలు పోసి పెంచుతది. ఇక్కడుంటే గట్టు మీద గుడ్డ పరిచి పడుకోబెడతారు, చీమలు కుడతయ్. నాకు మటుకు నష్టం ఉంది. పిల్ల ఉన్నదాకా అది పనిలో మాటిమాటికీ గట్టెక్కుద్ది, పాలివ్వాలని. వాళ్ళిద్దరూ పోయినప్పుడు చూశాగా. ఇంట్లో కూచోలేక తెల్లారేసరికి చేలో ఉండేది. ఆ ఏడు పండినట్టు మిరప ఎప్పుడూ పండలా.”

“మీరూ పిల్లల్ని కన్నారు కదత్తయ్యా.”

“కన్నా. కలుపూ తీయించా. ఒకటి చేసి ఒకటి మానుకుంటే ఈ ఇల్లు నిలబడేదా? నీళ్ళు పొయ్.”

“మీరే పొయ్యండి.”

“నాకు రెట్ట నొప్పి, చెయ్యి లేవట్లా.”

“పొద్దున కుడితిగాబు మీరే జరిపారుగా.”

“అప్పట్నించే నొప్పి.”

“ఇదివరకు ఎవరు పోసేవాళ్ళు?”

“ఎవరో ఒకళ్ళు.”

“ఎవరు?”

“మీ మామయ్యగారి అక్క, చిట్టెమ్మ. మాఘంలో పోయిందిగా పాపం. ఈ ఏడు నువ్వే దిక్కు.”

“చిట్టెమ్మత్తకి చూపు ఆనేది కాదు కదా! చూపు లేని మనిషి చేత తెర్లే నీళ్ళు పోయించారా?”

“పక్కనే నుంచుని ఇటు, అటు అని చెప్పేదాన్ని.”

“చెప్పే బదులు మీరే పోస్తే పోయేదిగా?”

“పోయేది.”

“ఎందుకు పొయ్యలేదు అత్తయ్యా?”

“అబ్బబ్బ, నువ్వూ నీ ఎస్సెల్సీ ప్రశ్నలూ! గింజంటే ప్రాణం. ప్రాణం తీసిన చేతిని అది ఊరికే వదుల్తదా? చిట్టెమ్మకి మొగుడు లేడు, పిల్లా జెల్లా లేదు. దానికి పోయేదేముందని దాని చేత పోయించా. ఏం, దానికీ తెలుసు. తెలిసే పోసింది. రెండు పూటలా అన్నం పెడుతున్నాగా.”

“ఆవిడకంటే ముందో? మొదటేడు?”

“మొదటేడు గొడవ ఇప్పుడెందుకు?”

“ఎవరు పోశారు?”

“ఇందుమతి.”

“అక్కా?”

“మీ తోటికోడలే. దానికి నీకున్నంత నోరు లేదు. పొయ్యమంటే పోసింది.”

“ఆ ఏడేగా అక్కకి కడుపు పోయింది!”

“పోయింది. అయితే?”

“తర్వాత మళ్ళీ నిలవనే లేదు. అందుకేగా వాళ్ళు వేరుపడి పేట వెళ్ళిపోయింది.”

“మీ బావగారికి కొట్టు పెట్టాలని బుద్ధి పుట్టింది, పోయాడు.”

“మీరు నమ్ముతున్నారు. ఆ పాపం పోసిన చేతికే అంటుకుంటుందని నమ్మి, నన్ను పొయ్యమంటున్నారు.”

“నువ్వు నమ్మవుగా? ‘చేతిలో ఏముంటుంది’ అని దానికి పాఠం చెప్పటం వినపడలేదనుకున్నావా నాకు? నమ్మనోళ్ళకి భయం దేనికి? అయినా నీకు పోయేదేముందే? కాపరానికొచ్చి ఏళ్ళు గడుస్తున్నయ్, ఇంతవరకు ఒక్క పుల్లమామిడికాయ అడిగిన పాపాన పోలా. పట్టుకో చట్టి.”

“నెల తప్పింది.”

“ఏంటీ?”

“నాకు నెల తప్పింది. రెండోది కూడా. నందిగామ వెళ్ళి ముందు అమ్మకి చెప్పి, తర్వాత మీకు...”

“వదులు! చట్టి వదలవే! దేవుడా, నరసింహసామీ! ముందే ఏడవొద్దూ ఆ మాట? పడిందా? గింజల మీద ఒక్క చుక్కన్నా పడిందా?”

“పడలేదు.”

“నిజంగా?”

“లేదన్నాగా అత్తయ్యా.”

“అమ్మయ్య. ఇటు రా. పొయ్యి దగ్గర్నుంచి లే. ఆ పీట మీద కూచో. కూచోమ్మా, నా బంగారు తల్లివి. రెండో నెలంట, నా దగ్గర దాచిందంట! ఎంత గుండె ధైర్యమే నీకు!”

“సరే, ఇక ఎవరూ పొయ్యక్కర్లేదుగా? మంచి గింజలే ఇచ్చేద్దాం. దాని పిల్ల దానికుంటుంది, మనకీ మంచిది.”

“ఇచ్చేద్దాం. నువ్వన్నాక ఇవ్వనా? చేటలోవే ఇద్దాం, గుప్పెడు ఎక్కువే ఇద్దాం. మరి శ్రావణానికి నీకెన్నో నెల?”

“నాలుగు వెళ్ళి అయిదు పడుతుంది. ఎందుకు?”

“మిరపతోటలో కలుపు అప్పుడే.”

“అయితే?”

“అయితే ఏముంది, దేవమణి సంతలో ఉంటది. ఆడోళ్ళు సాగరు లారీ ఎక్కుతారు. మీ మామయ్యగారు తోటని గడ్డికి వదిలేస్తారా? ‘ఇంట్లో ఆడోళ్ళు లేరా’ అంటారు. ఎవరున్నారు? నేనూ, నువ్వూ. నాకు నడుం వంగదు.”

“అయిదో నెలలో నన్ను చేలోకి పంపిస్తారా!”

“ఇందుమతిని పంపలా?”

“అక్కని... కడుపుతో ఉండగానా?”

“ఆ శ్రావణం దేవమణి పురిట్లో ఉంది, రాలా. మనిషి దొరకలా. నేనొద్దన్నా, ఆయన వింటారా? ఇందుమతి వంగింది సాలులో. సాలులోనే అయిపోయింది. చాటుకి తీసకపోయేంత టయిం కూడా ఇవ్వలా.”

“అంటే... అక్క కడుపు పోయింది నీళ్ళ వల్ల కాదా?”

“నీళ్ళో, కలుపో. నాకేం తెలుసే? రెండిట్లో ఏదో ఒకటి. నువ్వు రెండింటికీ దూరంగా ఉండు.”

“రెండింటికీ ఎట్లా ఉంటా? నీళ్ళు పొయ్యకపోతే కలుపు. కలుపు వద్దంటే నీళ్ళు.”

“అదే నేనూ చూస్తున్నా. నువ్వు పొయ్యటానికి వీల్లేదు. నేనా, పొయ్యను. రేపు మనవడు పుడితే ఈ చేతుల్తోనే గదా ఎత్తుకోవాలి.”

“ఆయనతో చెప్తాను నేను. మీ అబ్బాయి నన్ను చేలోకి పంపనివ్వరు.”

“చెప్పు. నా చిన్నకొడుకు వాళ్ళ నాన్న ముందు నోరెత్తిన రోజున నాకూ కబురు పెట్టు, వచ్చి చూస్తా. ఇందుమతి మొగుడూ అట్టాగే అనుకున్నాడు.”

“అమ్మగారూ, పేడ తీసేసా. పిల్ల ఏడుస్తోంది, ఇంటికి పోతా. అయినయ్యా గింజలు?”

“ఉండవే, ప్రాణాలు తోడబాకు! కాళ్ళు కడుక్కుంటూ ఉండు! ...అమ్మాయ్, ఏం చేద్దాం? తొందరగా చెప్పు. అట్టాగే ఇచ్చేస్తావా? ఇచ్చెయ్ మరి. నీ ధర్మం నీది. శ్రావణంలో నడుమూ నీదే.”

“మీరు కాసేపు ఊరుకోండి అత్తయ్యా.”

“ఎక్కడికి లేస్తున్నావ్? చట్టి ముట్టుకోబాకంటే!”

“గుడ్డతో పట్టుకున్నా. పొయ్యి మీంచి దించుతున్నానంతే. దించితే ఏం కాదుగా?”

“దించితే ఏం కాదు... ఏం చెయ్యబోతున్నావే?”

“దేవమణీ! ఇట్లా రా.”

“చెప్పేస్తావా? ఓసి నా కొంప ముంచేదానా, చెప్పేస్తావా ఏంటి? పాలెమంతా దిగుద్దే మన గుమ్మంలోకి!”

“దగ్గరికి రా దేవమణీ. వసారా అంచుదాకా రా, ఫర్వాలేదు.”

“పెద్దమ్మగారు తిడతారమ్మా.”

“ఏమీ అనరు. ఇవిగో నీ గింజలు, ఈ మూకుట్లో. చూశావా?”

“నిగనిగలాడుతున్నయ్యమ్మా! పోయినేడువి ఇట్టా లేవు. ఇయ్యి బతికున్నట్టున్నయ్.”

“ఇన్నేళ్ళూ నీ గింజలు ఎందుకు మొలవలేదో తెలుసా?”

“అమ్మాయ్!”

“ఉండండి అత్తయ్యా. చెప్పు దేవమణీ, ఎందుకో తెలుసా?”

“తెలిసిందేగదమ్మా. నా చెయ్యి...”

“చెయ్యి కాదు. గింజ పైతొక్క గట్టిది. లోపల మొలక దాన్ని చీల్చుకు రాలేక అక్కడే చచ్చిపోతోంది. మా నందిగామలో ఇప్పుడు తెలిసినవాళ్ళంతా తెర్లే నీళ్ళు పోసి తొక్క మెత్తబరుస్తున్నారు. పోశాక చల్లారిందాకా కదపకుండా ఉంచాలి. అంతే.”

“తెర్లే నీళ్ళే! ఉడికిపోవామ్మా?”

“ఇంకొకళ్ళు పోస్తే ఉడుకుతాయి. నాటే మనిషే పోస్తే ఏం కాదు. అందుకే, చూడు, నీళ్ళు ఎప్పుడో కాగినా నేను పొయ్యకుండా నీ కోసం ఆగా.”

“నా కోసం ఆగారా! నా తల్లే! విన్నారా పెద్దమ్మగారూ, నా కోసం ఆగారంట! ఎవరూ ఇంత మాట చెప్పలేదమ్మా నాకు. ఏదీ, ఇటియ్యండి... ఒంటి చేత్తో లేస్తదా చట్టి? పిల్ల ఉంది చంకలో.”

“పిల్లని ఇటివ్వు.”

“మా పిల్లనా? మీరా అమ్మా? మీరెత్తుకుంటారా?”

“అమ్మాయ్, మైల! ఇల్లంతా—”

“మీరూరుకోండి అత్తయ్యా. ఇటివ్వు దేవమణీ, నేనెత్తుకుంటా. నీళ్ళు చల్లారిపోతే పనికిరావు.”